ఇన్వర్టర్ లైను

ఇన్వర్టర్ బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ వైర్లు విప్పకముందే అడిగాడు: "ఏయే పాయింట్లు దీని మీదకి తీసుకోమంటారు మేడమ్?"

"అన్నీ" అన్నాను.

నవ్వాడు. "గీజరూ ఏసీ కూడా పెడితే ట్రిప్పయిపోద్ది. ఏది లేకపోతే గడవదో అది చెప్పండి."

రెండు ఫ్యాన్లు, వంటింట్లో లైటు, వైఫై. అయిదు నిమిషాల్లో తేలిపోయింది. నా ఒంటి విషయంలో అదే ప్రశ్న వేసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్. కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బు. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడవడం కుదరదు. వారానికోసారి మాత్ర, అప్పుడప్పుడూ రక్తపరీక్షలు. మందులతో అదుపులో ఉంటుంది గానీ పూర్తిగా పోదు. ఎప్పుడు తిరగబెడుతుందో చెప్పలేం. ఆ ఆరేళ్లూ నాకు తెలిసిన బతుకు రెండు రకాలే: అన్నీ చేసెయ్యడం, ఏమీ చెయ్యలేక మంచాన పడటం. క్లాసులు, పేపర్లు దిద్దడం, వంట, వచ్చిపోయే చుట్టాలు, అన్నీ ఒకే లైను మీద పెట్టి ఫ్యూజు ఎగిరేదాకా లాగేదాన్ని. ఎగిరాక నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఇంజనీర్ల దగ్గర దీనికో మాటుంది: గ్రేస్‌ఫుల్ డిగ్రడేషన్. హుందాగా తగ్గడం అనుకుందాం. ఒక భాగం చెడినా, శక్తి చాలకపోయినా మొత్తం కుప్పకూలకుండా, అసలు పని సాగేలా ముందే కట్టుకోవడం. 1977లో బయల్దేరిన నాసా అంతరిక్ష నౌక వోయేజర్ 1కి ఏటా సుమారు 4 వాట్ల కరెంటు తరిగిపోతూ వచ్చింది. 1990 ఫిబ్రవరి 14న దూరం నుంచి మన భూమిని నలుసంత చుక్కగా ఫొటో తీసింది. ఆ వెంటనే దాని కెమెరాలు ఆపేశారు. తర్వాత హీటర్లు, ఒక్కొక్క పరికరం. 2025లో కాస్మిక్ కిరణాలను కొలిచేదాన్నీ ఆపారు. భూమికి కబురు పంపే రేడియోను మాత్రం వదులుకోలేదు. కళ్లు మూసుకున్నాక మరో ముప్పై అయిదేళ్లు అది మాట్లాడుతూనే ఉంది.

అయితే ఇది నాసా వాళ్లు చెబితేనే తెలిసే సంగతేం కాదు. మా అమ్మమ్మ పండగనాడు పదహారు ఉపచారాలతో పూజ చేసేది. నీరసంగా ఉన్న రోజు అయిదే: గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. వస్త్రం లేకపోతే దాని బదులు నాలుగు అక్షతలు. లేవలేని రోజు మంచంలోంచే దండం. ఆ రోజు పూజ తప్పిందని ఆవిడ ఎన్నడూ అనలేదు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే పెద్దలు ఆ వెసులుబాటు రాసి పెట్టారు కాబట్టి, ఓపిక లేనప్పుడు సిగ్గుపడాల్సిన పని లేకపోయింది.

నేనూ ఓ మంచి రోజు చూసుకుని జాబితా రాసుకున్నాను. నొప్పి ఉన్నప్పుడు రాస్తే అన్నీ కొట్టేస్తాను, భయం ఉన్నప్పుడు రాస్తే ఏదీ కొట్టెయ్యలేను. మాత్రలు, వేళకింత తిండి, అమ్మకు ఫోను, పడుకునే ముందు ఓ నాలుగు పేజీలు. ఇంతే నా ఇన్వర్టర్ లైను. ఇల్లు అద్దంలా ఉండటం అందులో లేదు. దాన్ని తీసేసిన రోజు ఏడిచాను. యంత్రానికి లేని బాధ ఇదొక్కటే: ఆపేసిన గది ఒకప్పుడు ఎంత వెలుగుగా ఉండేదో నాకు గుర్తుంటుంది.

'హుందాగా' అన్న మాటతోనూ జాగ్రత్తగా ఉండాలి. జబ్బు మనిషి నవ్వుతూ కనిపిస్తేనే జనానికి హాయి. ఆ హుందాతనం నేను చేసుకున్న ఏర్పాటుకు ఉంటే చాలు, నా మొహానికి అక్కర్లేదు. కరెంటు వచ్చిన రోజున బ్యాటరీని చార్జింగ్ కానివ్వాలి కూడా. మంచి రోజు వచ్చింది కదా అని బీరువాలన్నీ సర్దేసి మర్నాడు పడిపోవడం నేనింకా పూర్తిగా మానలేదు.

మొన్న వేళ్లు బిగుసుకున్న పొద్దున ఆడపడుచు వచ్చింది. లేవబోయి ఆగాను.

"వదినా, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నాక్కూడా ఓ కప్పు పెట్టు."

టీ బాగానే కుదిరింది. పంచదారే కాస్త ఎక్కువైంది.