పడినవానికి చేయూత యెవరిది?

నేరమునకు శిక్ష యెంతయో చట్టము చెప్పగలదు. శిక్ష ముగిసిన మరునాడు ఆ మనుష్యుడు ఎవరి గడప తొక్కవలెనో, ఎవరిని పని యడుగవలెనో, పాత స్నేహితుడు వచ్చి పిలిచినప్పుడు ఏమని బదులు చెప్పవలెనో ఏ చట్టమును చెప్పదు. కారాగారపు తలుపు తెరచుటకు ఒక్క నిమిషము చాలును. లోకపు తలుపు తెరచుకొనుటకు ఏండ్లు పట్టును. ఈ నడుమకాలమున అతనికి దారి చూపదగినవాడెవడు? ఎన్నడును తప్పు చేయని సజ్జనుడా? లేక అదే బురదలో పడి లేచిన వేరొకడా?

మొదటి చూపునకు సమాధానము సులభముగా తోచును. మచ్చలేనివాడే మంచి చెప్పుటకు అర్హుడు. దొంగకు దొంగచేత నీతి చెప్పించుట పాలకు పిల్లిని కావలి యుంచుట వంటిది అని పెక్కుమంది యందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. కలిసి చెడిన యిద్దరు మరల కలిసినప్పుడు పాత దారినే పట్టుట లోకములో లేకపోలేదు. అయినను అనుభవము వేరొక సంగతిని గూడ చూపుచున్నది.

చంబల్ లోయ యిందుకొక తార్కాణము. అచ్చటి బందిపోట్లు తమ్ము తాము ‘బాగీలు’, అనగా తిరుగుబాటుదారులు, అని చెప్పుకొనెడివారు. ఉరిశిక్ష పడి కారాగారమున నున్న తహసీల్దార్ సింగు వినోబా భావేకు లేఖ వ్రాసెను. 1960లో వినోబా ఆ లోయలో పాదయాత్ర చేసినప్పుడు లోకమన్ దీక్షిత్ మున్నగు కొందరు ఆయన యెదుట ఆయుధములు విడిచిరి. పండ్రెండేండ్ల తరువాత, 1972లో, జయప్రకాశ్ నారాయణ్ ఆ కార్యమును మరల చేపట్టినప్పుడు, ముఠాలతో మాటలాడుటకు పోయినవారిలో ఈ లోకమన్, తహసీల్దార్ సింగులును ఉండిరి. అప్పటికింకను బందిపోటుగనే యున్న మాధోసింగు సైతము తక్కిన ముఠాలను ఒప్పించుటకు పాటుపడెను. ఆ యేడు ఏప్రిల్ నెలలో జౌరా వద్ద మాధోసింగు, మొహర్ సింగు మొదలగువారు గాంధీజీ చిత్రపటము ముందర తుపాకులు పెట్టి లొంగిపోయిరి.

పోలీసుల మాటలో వల యున్నదని, పెద్దల మాటలో ఉపన్యాసము మాత్రమే యున్నదని అనుమానించువానికి ఎన్ని నీతులు చెప్పినను చెవికెక్కవు. తనవలెనే బ్రతికి, చట్టమునకు తలయొగ్గి, మరల మనుష్యుల నడుమ తిరుగుచున్నవాడు ఎదుట నిలిచినప్పుడు వాదముతో పనిలేదు. ఆ మనిషియే సాక్ష్యము.

అయితే లొంగుబాటు ఒకనాటి కార్యము. బ్రతుకు ప్రతినాటి కార్యము. ఇదే సూత్రము దినదినము ఎట్లు నడచునో చూపుటకు దూరదేశపు సంస్థ యొకటి కలదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 1971లో డెలాన్సీ స్ట్రీట్ సంస్థ యేర్పడెను. జైలు చూచివచ్చిన జాన్ మేహర్ దానిని ఆరంభింపగా, మానసశాస్త్రము చదివిన మిమీ సిల్బర్ట్ అతనికి తోడయ్యెను. జైలునుండి వచ్చినవారు, మత్తుపదార్థముల పాలైనవారు అచ్చట కనీసము రెండేండ్లు నివసింతురు. కావలివారు లేరు, ఇంటిపనులు, వ్యాపారములు నడుపుకొనువారు నివాసులే. సామానులు తరలించుట, భోజనశాల నడుపుట వంటివి వారి జీవనోపాధులు. మత్తు, హింస, హింసించెదనను బెదిరింపు, ఈ మూడును నిషిద్ధములు. కొంచెము చదువు వచ్చినవాడు అంతకంటె తక్కువ వచ్చినవానికి చెప్పును. కొంతకాలము ముందు వచ్చినవాడు క్రొత్తగా వచ్చినవానికి అక్కడి నడవడి నేర్పును.

పై ప్రశ్నకు సమాధానము ఇందులోనే కలదు. మార్గదర్శి సంపూర్ణుడు కానక్కరలేదు. ఒక్క మెట్టు పైన నున్న చాలును. దిగుడుబావిలో జారినవానికి గట్టుమీదివాని కేక వినబడును గాని చేయి యందదు. పై మెట్టుమీదివాని చేయి యందును. పాచి యెచ్చట పట్టినదో అతనికి తెలియును. ‘ఈ యొక్కసారికే’ అను వంకను తానును చెప్పినవాడు గనుక ఆ మాటకు మోసపోడు. పైగా చేయి యిచ్చుటకు తానును గట్టిగా నిలదొక్కుకొనవలెను. నేరస్థుడు ఇతరుని మార్చుటకు మంచివారితో కలిసి పూనుకొనినచో, అందరికంటె ఎక్కువగా మారునది అతడే కావచ్చునని నేరశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్రెస్సీ 1955లోనే వ్రాసెను. ఒకనికి చెప్పిన మాటను తానే మీరుటకు మనిషి సిగ్గుపడును గదా!

ఇచ్చట రెండు విషయములు మరువరాదు. మొదటిది, నష్టపోయినవారి దుఃఖము. చంబల్ లొంగుబాట్ల సమయమున బందిపోట్లను వీరులవలె చూచుచున్నారని, వారిచేత చితికిన కుటుంబములను మరచుచున్నారని విమర్శ వచ్చెను. ఆ విమర్శలో న్యాయము కలదు. పడి లేచినవానికి చెప్పు అర్హత వచ్చినది పడినందువలన కాదు, లేచినందువలన. నేరము పతకము కాదు. తాను చేసిన కీడును చిన్నదిగా చెప్పుకొనువాడు ఎవరికిని దారి చూపజాలడు.

రెండవది, లేచినవాని హక్కు. లోకము అతనిచేత సభలలో కథ చెప్పించుకొని చప్పట్లు కొట్టును. మరునాడు అద్దెకు గది యడిగినచో లేదనును. మందలింపుతోనో, సత్ప్రవర్తనకు పూచీ తీసికొనియో విడిచిపెట్టినవానికి ఆ తీర్పువలన ఇతర అనర్హతలు అంటరాదని 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టము చెప్పుచున్నది. చట్టము చెప్పినంత సులభముగా ఊరు చెప్పదు. ఇతరులకు ఉపయోగపడినంత కాలమే ఆదరించి, ‘మాజీ నేరస్థుడు’ అను పేరును జీవితాంతము మోయించుట రెండవ శిక్షయే యగును. తన గతమును చెప్పుట అతడు చేయు దానము. లోకమునకు అతడు తీర్చవలసిన బాకీ కాదు. ఏదో యొకనాడు అతడు వట్టి వడ్రంగిగానో, వట్టి తండ్రిగానో, ప్రక్కింటివాడుగానో మాత్రమే బ్రతుకగలగవలెను.

కావున, దారి చూపవలసినది పడి లేచినవాడా, పడనివాడా అను ప్రశ్నలో ఒకరిని ఎన్నుకొని వేరొకరిని విడుచుటకు వీలులేదు. ఇద్దరికిని వేర్వేరు పనులు కలవు. మెట్టు మెట్టునకు చేయి యందించుట పడి లేచినవాని వంతు. పైకి వచ్చినవానికి పని, గది, నమ్మకము ఇచ్చి గట్టుమీద చోటు చూపుట పడనివారి వంతు. ఆ చోటు లేనినాడు ఎక్కివచ్చినవాడు నిలుచునదెక్కడ?