లెక్కలో లేని నూనె

ఎవరూ నిషేధించకుండా, ఎవరూ గుంజుకోకుండా ఒక పని మన చేతుల్లోంచి పోతే అది అన్యాయమేనా? వెంటనే జవాబు చెప్పలేం. ఎందుకంటే మనకు తెలిసిన అన్యాయానికి ఒక ముఖం ఉంటుంది. భూమి రాయించుకున్న ఆసామి కనిపిస్తాడు. తూకంలో కొట్టిన షావుకారు కనిపిస్తాడు. కట్టెల మోపు దింపించిన గార్డు కనిపిస్తాడు. వాళ్ల మీద మన పెద్దలు కొట్లాడారు, చట్టాలు సాధించారు. కానీ ఇప్పనూనె మన వంటింట్లోంచి పోయినప్పుడు ఎదురుగా మనిషి లేడు. ఉన్నది ఒక ప్యాకెట్. అది కూడా మన మేలు కోసమని తక్కువ ధరకు మనకే ఇచ్చిన ప్యాకెట్.

ఈ కాలం పిల్లలకు ఇప్పనూనె సంగతి చెప్పి ముందుకు పోవాలి. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. పువ్వు తర్వాత కాయ. వానలు పడే రోజులకు కాయ పండుతుంది. గుజ్జు తీసి, పెంకు కొట్టి, పలుకులు ఎండబెట్టాలి. వాటిని దంచి, ఆవిరి మీద ఉడికించి, వెదురు బుట్టలో పెట్టి రెండు దుంగల మధ్య బరువు వేసి నొక్కితే నూనె కారుతుంది. చలికాలంలో అది నెయ్యిలా గడ్డకడుతుంది. కూరకు అదే, దీపానికి అదే, తలకు, పగిలిన కాళ్లకు, కీళ్ల నొప్పులకు అదే. మిగిలిన చెక్క చేనుకు ఎరువు. పొగ వేస్తే పాములు దగ్గరికి రావని పెద్దలు అనేవారు. ఇప్ప ఒక్కటే కాదు. అరకు, పాడేరు కొండల మీద వలిసెలు ఉన్నాయి. ఆదిలాబాద్ వైపు నువ్వులు ఉన్నాయి. నార్నూరు ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు ఇప్పటికీ నువ్వులనూనె తాగి మొక్కు తీరుస్తుంది. దేవుడి దగ్గర ఏ నూనె పెట్టాలో మన వాళ్లకు ఇంకా గుర్తుంది. పొయ్యి దగ్గరే మారిపోయింది.

ఎలా మారింది? 1986లో దేశం నూనెగింజల కోసం ఒక మిషన్ పెట్టుకుంది. 1990ల మొదట్లో మన వంటనూనె దాదాపు మనమే పండించుకునే స్థితికి వచ్చాం. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. తర్వాత సుంకాలు తగ్గుతూ పెరుగుతూ వచ్చాయి గానీ దిగుమతి మాత్రం ఆగలేదు. ఇప్పుడు దేశం తినే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. ఏటా సుమారు 150 నుంచి 160 లక్షల టన్నులు ఓడల్లో దిగుతోంది. అందులో పెద్ద భాగం ఇండోనేషియా, మలేషియాల పామాయిల్. 2008లో దిగుమతి నూనెను రేషన్‌లో ఇవ్వడానికి కేంద్రం కిలోకు 15 రూపాయల రాయితీ పెట్టింది. 2013లో మన రాష్ట్రంలో అమ్మ హస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చినప్పుడు అందులో లీటరు పామోలిన్ ఉంది. ఇచ్చిన చెయ్యి చెడ్డదని మనం అనలేం. నూనె చుక్క లేని ఇళ్లకు ఆ లీటరు అన్నమంత విలువైనది.

అయినా ఒక విషయం గమనించాలి. ఏజెన్సీలో గిరిజనుల కోసం పెట్టిన డిపోలో ఒక పక్క కాటా మీద ఇప్పపలుకులు కొంటారు. ఇంకో పక్క పామోలిన్ ప్యాకెట్ అమ్ముతారు. పలుకులు అక్కడి నుంచి సబ్బుల కంపెనీల దాకా పోతాయి. గింజ అమ్మి నూనె కొనుక్కునే మనిషి ఒక్కరే. పొద్దున నూనె చేయగలిగిన ఆమె, మధ్యాహ్నానికి నూనె కొనేదిగా మారి ఇంటికి వస్తుంది. ఆ మధ్యలో పోయినదాన్ని ఏ రిజిస్టరూ రాసుకోలేదు.

రాసుకునే చోట్లు లోకంలో ఉన్నాయి. యూరప్ దేశాలు తమ ఆలివ్ రైతులకు పెద్దఎత్తున రాయితీలు ఇస్తాయి. ఆ సరుకు ముందు నిలవలేకపోతున్నామని అమెరికాలో కాలిఫోర్నియా ఆలివ్ రైతులు, నూనె తీసేవాళ్లు మొత్తుకుంటున్నారు. వాళ్ల మొరలో అన్నీ న్యాయమేనా అనేది వేరే మాట. కానీ మొర పెట్టుకోవడానికి వాళ్లకు ఒక తలుపు ఉంది. స్పెయిన్ నుంచి వచ్చే నల్ల ఆలివ్ కాయల మీద అక్కడి వాళ్లు ఫిర్యాదు చేస్తే విచారణ జరిగింది, 2018లో అదనపు సుంకం పడింది. ఆ తగవు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా పోయింది.

మన దేశంలోనూ అలాంటి తలుపు ఉంది. రాయితీ సరుకు వల్ల ఇక్కడి ఉత్పత్తిదారులు నష్టపోతే ఢిల్లీలోని వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. దానికి షరతులు ఉన్నాయి. దరఖాస్తు పెట్టేవాళ్లు దేశంలో ఆ సరుకు ఉత్పత్తిలో కనీసం 25 శాతం చేసేవాళ్లు కావాలి. దిగుమతి అయ్యేదీ వీళ్లు చేసేదీ ఒకే రకం సరుకు కావాలి. ఎంత చేశారు, ఎంత అమ్మారు, ఎంత నష్టపోయారు అన్న కాగితాలు చూపించాలి. ఇప్పనూనె తీసే అవ్వ దగ్గర ఏ కాగితం ఉంటుంది? ఆమె నూనె అమ్మలేదు. వండి పెట్టింది, దీపం పెట్టింది, బాలింత ఒంటికి రాసింది. అమ్మనిది సరుకు కాదు. సరుకు కానిదానికి నష్టం లేదు. నష్టం లేనిచోట అన్యాయమూ లేదు. లెక్కల భాష ఇలా నడుస్తుంది.

మన ప్రశ్న ఇక్కడే ఉంది. లెక్కకు రానిది పోతే పోయినట్టు కాదా?

కొందరు అంటారు, ఎవరూ బలవంతం చేయలేదు కదా, మీ వాళ్లే ప్యాకెట్ ఎంచుకున్నారు అని. ఎంచుకున్న మాట నిజమే. కానీ ఒక పక్క నాలుగు రోజుల చాకిరీ, ఇంకో పక్క ఖజానా కిలోకు 15 రూపాయలు కలిపి దించిన ధర. ఆ తూకంలో మనిషి రెండు నూనెల్ని పోల్చి చూడలేదు. తన ఒళ్లునొప్పిని ప్రభుత్వ డబ్బుతో పోల్చుకుంది.

ఇంకో మాట దీనికంటే గట్టిది. ఆ చాకిరీ పోవడం మంచిదే కదా, ఆడవాళ్ల నడుములు విరిగే పనిని ఎందుకు పొగుడుతారు అని. దీన్ని మనం తోసేయకూడదు. మన తల్లులే ఈ మాట అంటారు. దంచే చేతికి తెలిసిన నొప్పి, కూర్చుని సంస్కృతి గురించి రాసే చేతికి తెలియదు. అయితే పని బరువు తగ్గించడానికి రెండు దారులు ఉన్నాయి. పనిని తేలిక చేయడం ఒకటి. పనే అక్కర్లేకుండా చేయడం రెండోది. ఊరికో చిన్న నూనె మర, పలుకు కొట్టే యంత్రం, కరెంటు ఇచ్చి ఉంటే మొదటి దారి. బయటి నూనెను చవక చేయడం రెండో దారి. రెండింటికీ ప్రజల డబ్బే ఖర్చవుతుంది. మొదటి దారిలో నొప్పి పోయి విద్య మిగులుతుంది. రెండో దారిలో నొప్పితో పాటు విద్య కూడా పోతుంది. మనకు జరిగిన అన్యాయం ప్యాకెట్ ఇవ్వడం కాదు. రెండు దారుల్లో ఏది కావాలని ఒక్కసారైనా మన ఊళ్లను అడగకపోవడం.

అలాగని పరదేశపు రైతు మన శత్రువు కాడు. కాలిమంతాన్‌లో దయాక్ ఆదివాసీల అడవులు నరికి పామాయిల్ తోటలు వేశారు. మన ప్యాకెట్‌లోని చవక ఖర్చు కొంత వాళ్లు కట్టారు. అక్కడ అడవి పోవడం, ఇక్కడ ఇప్పచెట్టు కింద పని పోవడం ఒకే ధరకు రెండు చివరలు.

దిగుమతి ఆపాలంటే ఇక్కడే ఆయిల్‌పామ్ వేయాలని ఇప్పుడు అంటున్నారు. 2021లో దానికోసం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించారు. ముడి నూనెల మీద ప్రాథమిక సుంకాన్ని 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, 2025 మే నెలాఖరులో 10కి దించారు. ఈ ఎత్తుపల్లాల్లో రైతు, మిల్లు యజమాని, పట్నం కొనుగోలుదారు అందరూ లెక్కలో ఉన్నారు. ఇప్ప, వలిసె, నువ్వు నూనెలు తీసే ఇల్లు మాత్రం లేదు. ఇప్పగింజకూ వలిసెలకూ మద్దతు ధర ఉంది. అది గింజకు ధర. గింజ అమ్మేవాళ్లుగానే మనల్ని ఉంచే ధర. నూనె తీసే చేతికి ఇంకా ధర రాలేదు.

మేము బడిపంతుళ్లం. సుంకాలు మార్చే చోట మేము లేము. కానీ ఆశ్రమ పాఠశాలల వంటశాలలు మా కళ్ల ముందు ఉన్నాయి. ప్రతి పూటా వందల మంది పిల్లలకు అక్కడ నూనె పడుతుంది. ఊళ్లో మర పెట్టి, పరీక్ష చేయించి, మన వలిసెనూనె, నువ్వులనూనె కొంతైనా ఆ వంటశాలలకు కొనమని గ్రామసభలు తీర్మానం రాయవచ్చు. అంతకంటే ముందు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఈ ఏడాది ఇప్పకాయ పండే రోజుల్లో మన పిల్లలకు ఒక నోటుబుక్కు ఇచ్చి ఇల్లిల్లూ తిప్పుదాం. ఈ ఊళ్లో నూనె తీయడం ఎవరికి వచ్చు, వాళ్ల వయసెంత, ఆఖరుసారి ఎప్పుడు తీశారు, ఎందుకు మానేశారు. ఈ నాలుగు ప్రశ్నలు చాలు. పోయినదెంతో ముందు మన చేత్తో మనం రాసుకుంటే, రేపు ఎవరి ముందైనా పెట్టడానికి మన దగ్గర ఒక కాగితం ఉంటుంది.