ఎవరి బట్టలు ఎవరు పిండాలి?

డిసెంబరు నెలాఖరున ఉట్నూర్ బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, ఆశ్రమ పాఠశాలల నుంచి, గురుకులాల నుంచి, మిషనరీ బడుల నుంచి ఇళ్ళకు పోయే పిల్లలు కనబడతారు. 25న క్రిస్మస్, 26 కూడా సెలవే. పక్కన ఆదివారం కలిస్తే మూడు నాలుగు రోజులు. మిషనరీ బడులకు ఇంకొన్ని రోజులు ఎక్కువ. మన గూడేల్లో క్రిస్మస్ చేసుకునే ఇళ్ళు తక్కువే, కానీ సెలవు మాత్రం అందరిదీ. ఒక్కొక్క పిల్లవాడి చేతిలో ఒక సంచి ఉంటుంది. సంచి నిండా పుస్తకాలున్నాయని బయటివాళ్ళు అనుకోవచ్చు. మేము టీచర్లం కాబట్టి మాకు తెలుసు, అందులో ఉన్నవి మాసిన బట్టలు.

హాస్టల్లో ఆ పిల్లవాడు తన అంగీ, లాగు తానే పిండుకుంటాడు. చిన్న తరగతుల్లో చేరినప్పటి నుంచీ అదే అలవాటు. ఆదివారం పొద్దున బోరింగు దగ్గర బకెట్లు వరుసగా పెట్టుకొని, సబ్బు బిళ్ళ ఒకరిది ఒకరు వాడుకొని, దండెం మీద చోటు కోసం కొట్లాడుకొని, మొత్తానికి పని చేసుకుంటాడు. అదే పిల్లవాడు ఇంటి గడప దాటగానే సంచి మూలకు విసిరి బ్యాటు పట్టుకొని పోతాడు. చేతులు అవే, బట్టలు అవే. మారింది ఏమిటి? ఇంట్లో అవ్వ ఉంది, చెల్లె ఉంది. అంతే.

ఇదొక ప్రశ్నేనా, దీని మీద వ్యాసం కూడానా అని మాకూ అనిపించింది. భూమి గురించి, అడవి గురించి, పోడు పట్టాల గురించి రాయవలసిన చోట మాసిన బట్టల గురించి రాయడం ఏమిటని. కానీ నిరుడు క్రిస్మస్ సెలవుల తరువాత జరిగిన ఒక సంగతి మమ్మల్ని వదలలేదు.

పదో తరగతి పిల్లలకు ఆ నాలుగు రోజుల్లో చదువుకొని రమ్మని రివిజన్ పని ఇచ్చాం. మార్చిలో పరీక్షలు. తిరిగి వచ్చాక ఒక పిల్ల నోటుబుక్కు తెరిస్తే ఖాళీగా ఉంది. తెలివైన పిల్ల. అందరి ముందూ కోప్పడ్డాం. పిల్ల ఏమీ అనలేదు. సాయంత్రం విడిగా పిలిచి అడిగితే చెప్పింది.

"నాలుగు రోజులు బట్టలే పిండిన సార్."

"నీ బట్టలకు నాలుగు రోజులా?"

"నాయి ఒక్కటేనా సార్? అన్నయి, బాపుయి, చద్దర్లు, బొంతలు. అవ్వకు చేతులు పగిలినయి, సల్లనీళ్ళల్ల పెట్టొస్తలేదు. అన్నకు పరీక్షలున్నయి కద."

అన్న ఒక ఏడు తప్పి, ఇంకో బడిలో ఆమెతోపాటే పదో తరగతి చదువుతున్నాడు. "మరి నీకు లేవా పరీక్షలు?" అని అడిగాం. ఆ పిల్ల నవ్వింది. సిగ్గుతో కాదు, కోపంతో కాదు. సార్ ఏదో అర్థంలేని మాట అన్నాడన్నట్టు నవ్వింది.

ఆ రాత్రి మాకు మా అక్క గుర్తుకొచ్చింది. మేము టీచర్ ట్రైనింగు చేసే రోజుల్లో సెలవులకు వస్తే సంచి విప్పేది అక్కే. వాగులో నీళ్ళు తగ్గితే ఇసుకలో చెలిమె తీసి, నీళ్ళు ఊరేదాకా కూర్చొని, ముంతతో బిందె నింపి, మా తెల్ల అంగీలు బండ మీద పిండేది. తెల్ల అంగీ ఎందుకంటే ట్రైనింగులో అందరూ అవే వేసుకునేవాళ్ళు. మేము ఇంట్లో కూర్చొని లెసన్ ప్లాన్లు రాసుకునేవాళ్ళం. పిల్లల్లో సమానత్వ భావన పెంచడం ఎలా అని అందులో రాశామేమో కూడా. అక్క ఐదో తరగతితోనే బడి మానేసింది. మాకు డిప్లొమా వచ్చిన రోజు ఊరంతా మా పేరే చెప్పింది గాని, ఆ అంగీలు ఎవరు పిండారని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన గూడేల గురించి మనం గర్వంగా చెప్పుకునే మాట ఒకటి ఉంది. మనలో చాకలి లేడు, మంగలి లేడు, ఒకరి మురికి ఇంకొకరు మోసే కులం మనలో లేదు అని. మైదానపు ఊళ్ళలో ఒక కులం వాళ్ళు ఊరందరి బట్టలూ ఉతకాలి. దొర గడీకి ఆ పని వెట్టిగా చేయాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి తన పంటను కాపాడుకుందంటే, ఆ వెనక తరతరాల వెట్టి ఉంది. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. వెట్టి అన్న మాట మనకూ కొత్త కాదు. నిజాం కాలంలో అటవీ సిబ్బందికి, పట్వారీలకు మన తాతలు వెట్టి చేసినవాళ్ళే. కూలి లేని పని, కాదనడానికి వీలులేని పని ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మరి చాకలి లేని గూడెంలో బట్టలు ఎవరు పిండుతున్నారు? కులం చేయని పని ఆడబిడ్డ చేస్తున్నది. మనలో చాకలి లేడన్న మాట నిజమే. ఇంటింటికీ ఒకరు ఉన్నారు, వాళ్ళకు ఆ పేరు పెట్టలేదు, అంతే.

ఈ మాట కొందరికి కటువుగా ఉంటుంది. మా తోటి టీచరు ఒకాయన, మంచి మనిషి, వెంటనే అన్నాడు: "అవ్వ ప్రేమతో చేస్తది. దాన్ని వెట్టితో పోల్చుడేంది?" ఆయన మాటలో బలం ఉంది. మూడు నెలలకు ఒకసారి వచ్చిన కొడుకు అంగీ పిండడంలో అవ్వకు ఒక సంతోషం ఉంటుంది. బిడ్డ ఒంటి వాసన ఉన్న బట్ట అది. "నువ్వు ముట్టుకోకు, నేను పిండుతా" అని బకెట్ లాక్కునే అవ్వలను మేము చూశాం. ఆ చేతిలోంచి బకెట్ తిరిగి గుంజుకోవడం సమానత్వమా, మొరటుతనమా? మాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

కానీ ప్రేమకూ వెట్టికీ తేడా తెలుసుకోవడానికి మేము ఒక గుర్తు పెట్టుకున్నాం. ఆ పని చేసే మనిషి ఒకరోజు "ఇయ్యాల నాతోని కాదు" అంటే ఏమవుతుంది? ఎవరూ ఏమీ అనకుండా ఇంకొకరు లేచి ఆ పని అందుకుంటే, ఇన్నాళ్ళూ చేసింది ప్రేమతోనే. ఇంట్లో గొణుగుడు మొదలైతే, "అత్తగారింట్ల ఏం బతుకుతవ్" అనే మాట వస్తే, అది ప్రేమ పేరు పెట్టుకున్న వెట్టి. అవ్వకు చేతులు పగిలి కాదన్న రోజు ఆ ఇంట్లో ఏమయింది? పని అన్న దగ్గరికి పోలేదు. నేరుగా చెల్లె దగ్గరికి వచ్చింది, ఎవరూ చెప్పకుండానే. వాగు నీళ్ళు పల్లానికి వచ్చినట్టు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. కూలి లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. తరగతిలో ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసి తీసివేత చేయించాం. 202 నిమిషాలు. మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. "పదో తరగతి పరీక్ష ఒక్కోటి ఎంతసేపు రాస్తాం?" అని వెనక బెంచీ నుంచి ఒకడు లెక్క చూసుకున్నాడు. లెక్కల టీచర్లు ఈ తీసివేత తప్పకుండా చేయించాలి.

తన బట్టలు తాను ఉతుక్కోవడం గురించి మాట్లాడితే అందరూ గాంధీ పేరు తీస్తారు. సత్యశోధనలో ఆయన రాసుకున్నది సరదాగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో చాకలి ఖర్చు ఎక్కువై, ఉతకడం మీద పుస్తకం కొని నేర్చుకున్నాడు. మొదటిసారి కాలరుకు గంజి ఎక్కువై, ఇస్త్రీ సరిగ్గా కాక, కోర్టులో తోటి బారిస్టర్లు నవ్వారు. ఆయన సిగ్గుపడలేదు. ఇంతవరకు మన పాఠాల్లో చెబుతాం. కానీ అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. ఇంట్లో ఉండే గుమాస్తా మూత్రపు కుండ ఎత్తడానికి కస్తూర్బా ఏడుస్తూ పోతుంటే, నవ్వుతూ చేయాలని ఆమె మీద అరిచి, చేయి పట్టి గేటు దాకా ఈడ్చుకుపోయాడు. ఆయనే ఒప్పుకొని రాసుకున్నాడు. మగవాడి ఆదర్శం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో తెలియడానికి టీచర్లు ఈ రెండో కథ కూడా చెప్పాలి. గూడెంలో స్వచ్ఛత గురించి సభ పెడతాం, ఉపన్యాసం ఇచ్చేది మనం, మరునాడు అదనంగా రెండు బిందెలు మోసేది ఇంటి ఆడవాళ్ళు.

శుభ్రత మాట వచ్చింది కాబట్టి ఒక పాత గాయం గురించి కూడా చెప్పాలి. ఆదివాసులు మురికిగా ఉంటారన్న మాట మనం ఎన్నోసార్లు విన్నాం. మేమూ విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకరి నోట విన్నాం, అందుకే ఆ తెల్ల అంగీల మీద అంత పట్టుదల. బోరింగు ఎండిపోయిన ఎండాకాలం ఒక కుటుంబానికి తాగడానికే నీళ్ళు చాలనప్పుడు బట్టలకు ఎక్కడివి? అది నీళ్ళు లేకపోవడం, మనిషి మురికి కావడం కాదు. సబ్బు రాకముందు మనవాళ్ళకు ఉతకడం తెలియదనుకోవడం కూడా పొరపాటే. పొయ్యి బూడిద నానబెట్టి పైకి తేరిన నీళ్ళలో బట్టలు వేసేవాళ్ళు. బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది జిడ్డును విరుస్తుంది. చౌడు మట్టి, కుంకుడుకాయ ఉండనే ఉన్నాయి. సైన్సు పాఠంలో క్షారాలు చెప్పేటప్పుడు ఇది చెబితే పిల్లల కళ్ళు వెలుగుతాయి. కానీ బయటివాళ్ళ మాటకు జవాబుగా తెల్లగా కనబడాలన్న మన పట్టుదల ఖరీదు మనం కట్టలేదు. మా విషయంలో అది అక్క చేతులతో కట్టింది.

నీళ్ళు మోయడం, బట్టలు పిండడం మగవాడికి నామోషీ అని కొందరు పెద్దలు అంటారు, అది మన ఆచారం కాదంటారు. నిజంగానా? ప్రతి ఏడు పుష్య మాసంలో మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నాగోబా కోసం ఝరి పట్టుకొని చెప్పులు లేకుండా నడిచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా పోతారు. గోదావరి నీళ్ళు తెస్తారు. ఎడ్లబండి మీద కాదు, ట్రాలీ ఆటోలో కాదు, మనిషి మోసుకొని. అన్ని మైళ్ళు నీళ్ళు మోసిన మగవాళ్ళకు ఊరూరా ఎదురొచ్చి మొక్కుతాం. పిల్లనిచ్చే మామ ఇంట్లో కొన్నేళ్ళు పనిచేసి పెళ్ళి చేసుకునే పద్ధతీ గోండుల్లో ఉండేది. దేవుడి కోసం నీళ్ళు మోయడం గౌరవం, పెళ్ళి కోసం పని చేయడం మర్యాద అయినప్పుడు, చలికి చేతులు పగిలిన అవ్వ కోసం బోరింగు నుంచి నాలుగు బిందెలు తెస్తే నామోషీ ఎక్కడిది?

ఇంకో అడ్డం ఉంది, అది ఇంత తేలిక కాదు. ఆడవాళ్ళ బట్టలు మగవాళ్ళు ముట్టగూడదని చాలా ఇళ్ళల్లో పట్టింపు. దాని మీద మేము పిల్లలతో వాదించలేదు. ఎవరి బట్టలు వాళ్ళు పిండుకోండి, చద్దర్లు, బొంతలు మాత్రం అందరివీ కాబట్టి వంతులు వేసుకోండి అని మాత్రమే చెప్పాం. తడిసిన బొంత ఒక్కరు పిండలేరు, ఇద్దరు చెరో కొస పట్టి మెలి తిప్పాలి. అది బలమున్న మొగపిల్లల పనే. ఆడవాళ్ళ పని అని దానికి పేరు ఎట్లా వచ్చిందో మాకు అర్థం కాదు.

ఆ జనవరిలో సంక్రాంతి సెలవులకు పిల్లలు పోయే ముందు ఆ పిల్ల అన్నను ఒకసారి కలిశాం. వేరే బడి వాడు, మాకు వాడి మీద ఏ అధికారమూ లేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. "హాస్టల్ల నీ బట్టలు ఎవరు పిండుతరు తమ్మి?" అని అడిగాం. "నేనే సార్." "ఇంటికాడ?" కాసేపు నేల చూశాడు. "దోస్తులు నవ్వుతరు సార్ వాగు కాడ." వాడి భయం నిజమైనదే. ఆ వయసులో దోస్తులు నవ్వడం కంటే పెద్ద శిక్ష లేదు. మేమూ అదే భయంతో అక్కకు సంచి ఇచ్చినవాళ్ళమే, అందుకని వాడిని తప్పు పట్టలేకపోయాం. "పొద్దున జల్ది పో, ఎవరుండరు" అన్నాం. ఆదర్శం కాదు, దొంగదారి. అయినా చెప్పాం.

సెలవులయ్యాక ఆ పిల్ల వచ్చి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. అడగకుండానే చెప్పింది: "రెండు రోజులు అన్న తనయి తానే పిండుకున్నడు సార్. మూడో రోజు నేనే పిండిన. చలి బాగుండె, పోనీ అనిపించింది." నోటుబుక్కులో నాలుగు పాఠాల జవాబులు ఉన్నాయి. ఐదోది సగంలో ఆగింది. ఆ పేజీ మీద నీటి చుక్క పడి సిరా కొంచెం అలుక్కుపోయింది.

మేము ఆ పేజీ దిద్ది ఇచ్చాం.