ఖాళీ సీటు ఎవరిది?

మా ఇంట్లో కారు నడిపేది మా ఆయన, కారు లెక్క రాసేది నేను. ఆయన కేకే (కొత్తవలస–కిరండూల్‌) లైన్లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేను ఈ అరకు కొండల్లోనే ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇద్దరం ఇంటిపట్టున కూర్చున్నాక సెకండ్‌ హ్యాండ్‌ డిజైర్‌ ఒకటి కొన్నాం. అప్పట్నుంచి మా మధ్య తెగని తగువు ఒకటుంది: దారిలో ఎవరినైనా ఎక్కించుకుంటే పెట్రోలు డబ్బులు పుచ్చుకోవచ్చా? పైకి చిల్లర తగువే. లోపల ఉన్నది మాత్రం ధర్మసందేహం. నా డబ్బుతో కొన్న వస్తువు మీద ఎదుటివాడికి హక్కేమైనా ఉంటుందా?

ముందు లెక్క చెబుతాను. ఇలాంటి కారు లీటరుకు ఇరవై పైనే ఇస్తుందని కంపెనీ కాగితం చెబుతుంది. ఆ అంకె లాబ్‌లో, రోలర్ల మీద చక్రాలు తిప్పి తీసింది. ఆ రోలర్ల మీద అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌ లేదు. శృంగవరపుకోట దాటాక రోడ్డు సుమారు 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,250 కిలోలున్న బండిని అంత పైకి లేపాలంటే 11 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోల్లో 33 దాకా ఉంటుంది గానీ, చక్రాలకు చేరేది అందులో పావు వంతు. మిగతాది వేడిగా పోతుంది. అంటే కొండ ఎక్కినందుకే లీటరుంపావుకు పైగా అదనం. దిగేటప్పుడు అదంతా తిరిగి రాదు. గేరులో దిగితే ఇంజిన్‌కు పెట్రోలు అందడం ఆగుతుంది, దక్కే లాభం అంతే. న్యూట్రల్‌లో దిగితే మిగులుతుందనుకునేవాళ్లు అసలు లోకువ చేస్తున్నది ప్రాణాన్ని. ఇంజిన్‌ పెట్రోలు తాగుతూనే ఉంటుంది, బ్రేకులు మాత్రం కాగిపోయి పట్టు తప్పుతాయి.

ఇంత చెప్పినా పెద్ద ఖర్చు పెట్రోలు కాదు. 7 లక్షల బండి ఏడేళ్లకు సగం ధరకు పోయిందనుకోండి, ఏడాదికి 50 వేలు కరిగినట్టు. బీమా, సర్వీసింగ్‌ కింద ఇంకో 25 వేలు వేసుకోండి. ఏడాదికి 5 వేల కిలోమీటర్లే తిరిగితే కిలోమీటరుకు 15 రూపాయలు. లీటరు 110 రూపాయలనుకుని, మా రోడ్ల మీద పదిహేను కిలోమీటర్లే వస్తుందనుకున్నా, పెట్రోలుకు పడేది ఏడున్నర లోపు. షెడ్డులో ఊరికే ఉన్నందుకు అయ్యే ఖర్చు, రోడ్డు మీద నడిచినందుకు అయ్యే ఖర్చుకు రెట్టింపు.

ఇక్కడే నాకు శాస్త్రం గుర్తొచ్చింది. పతంజలి చెప్పిన అయిదు యమాల్లో చివరిది అపరిగ్రహం. జైనుల మహావ్రతాల్లోనూ అయిదోది అదే. అక్కర్లేనిది పోగేసుకోవద్దన్నారు. సన్యాసికి అది కుదురుతుంది. సంసారి బండి కొనకూడదా? ఆ మాట ఈ కొండల్లో నేననలేను. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి మోసుకొస్తుంటే పక్కన నడిచినదాన్ని. రోడ్డు దాకా చేరాక ఒక బండి ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. గీత మూడో అధ్యాయం సంసారి పక్కన నిలబడి మాట్లాడుతుంది. అనుభవించొద్దని అనదు, అందులోంచి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడిని దొంగ అంటుంది. నాకర్థమైనంతలో తప్పు బండి కొనడంలో లేదు. దాన్ని ఎవరికీ అక్కరకు రాకుండా అట్టిపెట్టుకోవడంలో ఉంది.

మా ఆయన ఊరుకుంటారా? "ఏటే, మన బండేటి ధర్మసత్రమా? ఎక్కువ తిప్పితే కిలోమీటరు ఖర్చు తగ్గుద్ది, జేబు ఖర్చు తగ్గుద్దేటి?" అన్నారు. నిజమే. పైగా లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్‌ డయాక్సైడ్‌ గాల్లో కలుస్తుంది. పుణ్యం పేరు చెప్పి లేని ప్రయాణాలు పెట్టుకోమని నేనూ అనను. నేననేది ఎలాగూ వెళ్తున్న బండిలోని ఖాళీ సీటు గురించి. 60 కిలోల మనిషి అదనంగా ఎక్కితే, ఘాట్‌ ఎక్కడానికి పట్టే అదనపు పెట్రోలు లీటరులో పదో వంతు కూడా ఉండదు. ఏడెనిమిది రూపాయలు. బండి అరుగుదల, బీమా, సర్వీసింగ్‌ ఆ మనిషి ఎక్కకపోయినా మనం కట్టేవే. అలాంటప్పుడు బస్సు చార్జీ లెక్కన పుచ్చుకోవడం ఏ న్యాయం? చట్టం కూడా ఆ దారి మూసేసింది. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పకూడదు, తిప్పుతుండగా ప్రమాదం జరిగితే సొంత కారు పాలసీ ఆదుకోదు.

చైత్రంలో ఈ కొండల గిరిజనుల ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి వచ్చే పోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. టూరిస్టులు కొందరు విసుక్కుంటారు. నాకది విసుగనిపించదు. మా ఊళ్ల మీదుగా పోతున్నావు, మా పండుగలో నీ వంతేదీ అని అడగడం అందులో ఉంది. గీత చెప్పిన మాటకు అది దూరం కాదు. గీత చదవని మనుషులు కూడా ఆ వంతు అడుగుతారు, వేట దొరికితే ఊరందరికీ పంచుతారు.

మా ఇంట్లో చివరికి కట్టుబాటు ఇలా తేలింది. ఆసుపత్రికంటే ఏ వేళైనా బండి తీయాలి, డబ్బు మాట ఎత్తకూడదు. మేం వెళ్తున్న దారిలో సంతకెళ్లేవాళ్లు కనిపిస్తే సీట్లున్నంతవరకే ఎక్కించుకోవాలి, అదీ ఉత్తినే. ఎవరైనా తమ సొంత పనికి బండి కావాలంటే ఆటో నంబరు ఇవ్వాలి. ఆటోవాడి కూడు మనం కొట్టకూడదు కదా. ఈ మూడో మాట మా ఆయనది, నేను ఒప్పుకున్నాను.

విశాఖ నుంచి చలికాలంలో అరకు వచ్చే మీకు ఒక మాట. ఇద్దరే వస్తుంటే వెనక సీటు ఖాళీగా ఉంటుంది. ఘాట్‌ మొదట్లో సంచులతో బస్సు కోసం నిలబడ్డవాళ్లు కనిపిస్తే ఆపి, ఎంతవరకు వెళ్లాలో అడగండి. దిగేటప్పుడు మాత్రం రెండో గేరులోనే దిగండి.