గోడకు అవతలి ఇల్లు

పొలానికి కాగితం ఉంటుంది, పాత ఇంటికి ఉండదు. మా తొండూరులోనే కాదు, ఆంధ్రలో చాలా ఊళ్ళ సంగతి ఇదే. చేనుకు సర్వే నంబరు, అడంగలు, హద్దుల పటం ఉంటాయి. ఊరి నడుమ ఇళ్ళున్న జాగాను మాత్రం పాత సర్వేల్లో ఒకే ముక్కగా చూపించి, గ్రామకంఠం అని పేరు పెట్టి వదిలేశారు. లోపల ఎవరి గోడ ఎందాకా ఉందో కొలవలేదు. శిస్తు వచ్చేది చేనునుంచి కాబట్టి చేనునే కొలిచారు.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారపోశాక, మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి పొలాలు కొలిపించి, రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. ఆ రోజుల్లోనే మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కైఫియత్తులు సేకరించడం మొదలుపెట్టారు. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వేసింది. ఊరు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ దొర తరవాత ఏ దొర వచ్చాడు – ఇవన్నీ వాటిలో దొరుకుతాయి. చెప్పింది చాలావరకు కరణాలు, పెద్దమనుషులు. మామూలు ఇల్లు వాళ్ళ లెక్కలోకి రాలేదు. దాని చరిత్ర నోటిమాటగానే మిగిలింది.

ఇప్పుడు నా ఈడువాళ్ళు కొందరు సొంతూరికి పోయి ఆ నోటిమాటలను ఫోన్లలో రికార్డు చేసుకొస్తున్నారు. నేనూ చేస్తున్నా. మా తాతల ఇల్లు కడప బండలు పరిచిన మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి, వెలుతురు కోసం గవాక్షి. పంపకాలయ్యాక కూల్చేస్తారు కాబట్టి, ఆ లోపల కొలతలతో సహా రాసిపెట్టుకుందామనుకున్నా. కొలిచేటప్పుడు తేలిందేమంటే, అది ఒక ఇల్లు కాదు. పడసాల వెనక గోడలో పూడ్చేసిన వాకిలి గుర్తు ఉంది. ఆ గోడకు అవతల మిద్దె ఎత్తు వేరు, దూలాల కొయ్య వేరు. అది ఇంకొకరి ఇల్లు. ఎప్పుడో మాదాంట్లో కలిసిపోయింది.

అడిగితే మూడు జవాబులు వచ్చాయి. జేజి అనింది: "వాళ్ళు అమ్ముకోని పొయినార్లే అబ్బీ." చిన్నాయన చెప్పింది వేరు: అప్పు తీర్చలేక వదిలిపెట్టినారట. మూడో మాట ఎస్సీ కాలనీలో ఉండే ఒక ముసలామెది. మా ఇంట్లో ఏళ్ళ తరబడి కసువు ఊడ్చి, పేడ ఎత్తి, గడప మాత్రం దాటనివ్వని మనిషి. "బండి గూడ కట్టుకోలేదు నాయనా. రాత్రికి రాత్రి నడిచే పొయినారు. ప్రొద్దుటూరని చెప్పుకున్న్యారు."

ముగ్గురిలో ఎవరిది నిజమో నేను తేల్చలేను. కానీ ఆ మూడో మాట ఏ వంశవృక్షంలోనూ దొరకదు. ఇంటిని లోపలినుంచి మాత్రమే అడిగితే ఇంటివాళ్ళ కథే వస్తుంది. ఇంకో విడ్డూరం ఉంది. ఆ ముసలామె కాలనీ ఇంటికి పట్టా ఉంది. పేరు, తేదీ, ఎన్ని సెంట్లో అన్నీ ఉన్నాయి. మా పెద్ద మిద్దెకు ఏమీ లేదు. అది ఎవరిదని అడిగితే ఊరు చెప్పాల్సిందే. ఊరు మాట్లాడకపోతే, ఉన్నవాళ్ళదే ఇల్లు.

2020 నుంచి ఇదీ మారుతోంది. కేంద్రం స్వామిత్వ పథకం, రాష్ట్రం రీసర్వే మొదలయ్యాక గ్రామకంఠాల మీద డ్రోన్లు ఎగిరి ఇళ్ళకు హద్దులు గీస్తున్నాయి. మంచిదే. బ్యాంకు అప్పుకు, అన్నదమ్ముల తగాదాకు కాగితం పనికొస్తుంది. కానీ డ్రోనుకు కనిపించేది ఈరోజు కప్పు ఒక్కటే. దానికింద పూడ్చిన వాకిలి దానికి తెలీదు. చట్టమూ పాత హక్కుకు ఒక గడువు పెట్టింది. సొంతదారుకు తెలిసేలా పన్నెండేళ్ళు అనుభవించిన జాగాను అతను తిరిగి రాబట్టుకోవడం దాదాపు అసాధ్యం. తగాదాలు ఎక్కడో ఒకచోట ఆగాలి కాబట్టి చట్టానికి ఆ గడువు అవసరమే. ఇంటి చరిత్ర రాసేవాడికి అలాంటి గడువు ఉందా అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

చిన్నాయన దగ్గర జవాబుంది: "మానిన పుండు గీరుకుంటావేందిరా?" దీన్ని పిరికితనమని కొట్టిపారేయలేను. పులివెందుల, జమ్మలమడుగు వైపు ఊళ్ళలో ఒక తరం కక్షల మధ్య బతికింది. ఎదురెదురు ఇళ్ళవాళ్ళు మళ్ళీ ఒకరి పెళ్ళికి ఒకరు పోగలుగుతున్నారంటే, కొన్ని సంగతులు పిల్లలకు చెప్పకుండా మింగినవాళ్ళు ఉన్నారు కాబట్టే. ఆ మౌనం కూడా ఊరు చేసిన పనే. బెంగుళూరులో కూచుని రాసే నాకు, రాస్తే పోయేదేమీ లేదు. పోయేదేదైనా ఉంటే అక్కడ ఉండేవాళ్ళకే.

అయితే మర్చిపోవడం అందరికీ ఒకటి కాదు. నష్టపోయినవాడు మర్చిపోతే అది క్షమ. లాభపడినవాడు మర్చిపోతే దాన్ని ఆ పేరుతో పిలవలేం. మా ఇంట్లో మర్చిపోయింది మేము. గోడ మాకు కలిసొచ్చింది కాబట్టి మాకు మర్చిపోవడం తేలిక. ఇప్పుడు నేను "మా పూర్వీకుల ఇల్లు" అని ముచ్చటగా నాలుగు పేజీలు రాసి ఫొటోలు పెడితే, ఆ గోడను రెండోసారి కలుపుకున్నట్టే.

అలాగని అంతా బయటపెట్టడం కూడా నా హక్కు కాదు. ప్రొద్దుటూరులో వాళ్ళ మనవళ్ళు ఉండొచ్చు. వాళ్ళింట్లో ఇంకో కథ చెప్పుకుని ఉండొచ్చు, లేదా తల ఎత్తుకుని బతకడానికి ఏమీ చెప్పుకోకుండా ఉండొచ్చు. నా నిజాయితీ ముచ్చట కోసం వాళ్ళ అవమానాన్ని వాడుకుంటే అదీ ఒక ఆక్రమణే.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో మా జిల్లాలోనే చూశాం. 2020లో గండికోట జలాశయం నీళ్ళు తాళ్ళప్రొద్దుటూరును ముంచాయి. మునిగిన ఊళ్ళో పోయేది ఇళ్ళు మాత్రమే కాదు, ఇరుగుపొరుగు కూడా. చెదిరిపోయాక ఎవరి కథ వాళ్ళే మోసుకుపోతారు. "అట్ల కాదులే" అనే పక్కింటివాళ్ళు ఉండరు. మిద్దెలకన్నా ముందు కాపాడుకోవాల్సింది ఆ "అట్ల కాదులే"నేమో.

మేము కోడు రాసేటప్పుడు, తీసేసిన వరుస కూడా ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్న గుర్తుతో చరిత్రలో ఉండిపోతుంది. ఇంటికి అంత ఖచ్చితత్వం రాదు, రావాల్సిన పనీ లేదు. కానీ తీసేసిన జాడ ఉండాలి. అందుకని ఇలా అనుకున్నా: మూడు మాటలూ పక్కపక్కనే, ఎవరు ఏం చెప్పారో అలాగే రాస్తాను. "అమ్మకం" అన్న మాటను వాస్తవంగా రాయను. పూడ్చిన వాకిలి కొలత వేస్తాను. మావాళ్ళకు చూపించే ముందు ప్రొద్దుటూరు వాళ్ళను వెతికి చూపిస్తాను. పేర్లు ఉండాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. వద్దంటే ఒక్క వాక్యం మిగులుతుంది: "ఇక్కడ ఇంకో ఇల్లుండేది. వాళ్ళు చెప్పొద్దన్నారు."

ఆ వాక్యం కూడా వద్దని మా ఇంట్లో అనేవాళ్ళున్నారు. దాన్ని మాత్రం తీసేయను.