అడ్డు తీయడం కారణమా?

ఇంటి పైపుకు బాల్ వాల్వు బిగించడం సొంతంగా చేసుకోదగ్గ పనే. ట్యాంకు దగ్గర నీరు కట్టేసి, కింది కుళాయిలన్నీ విప్పి పైపు ఖాళీ చేయాలి. తిన్నగా కోసి, అంచు గరుకు తీసి, తడి తుడిచి, సీపీవీసీ అయితే సొల్యూషన్ రాసి వాల్వు ఎక్కించాలి. మరలున్న వాల్వయితే టెఫ్లాన్ టేపు చుట్టాలి. సొల్యూషన్ ఆరకముందే నీళ్లు వదిలితే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. ఆరాక పిడి పావు చుట్టు తిప్పితే నీరు వస్తుంది. రప్పించింది ఎవరన్నదే తత్త్వవేత్తల తగువు.

ట్యాంకు నీటిమట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి మూసిన వాల్వు వెనక కాచుకునే ఉంటుంది. మోటారు నీటిని నెడుతుంది, వాల్వు నెట్టదు. పతంజలి యోగసూత్రాల నాలుగో పాదం, మూడో సూత్రం పట్టుకున్నది ఈ తేడానే. రైతు పక్క మడికి నీటిని చేతులతో తోయడు, గట్టు తెంచుతాడు. నీరు తనంత తానే పారుతుంది. ధర్మం కూడా ప్రకృతిని నడపదు, అడ్డుపడే అధర్మాన్ని తొలగిస్తుందంతే అని వ్యాసభాష్యం.

తర్కవాదులైన నైయాయికులు ఇంత తేలిగ్గా ఒప్పుకోరు. నిప్పు తగిలినా ప్రతిబంధకం, అంటే అడ్డు, ఉంటే చెయ్యి కాలదు. కనుక నిప్పులో శక్తి అనే వేరే పదార్థం ఉందని, అడ్డు వస్తే అది పోతుందని మీమాంసకుల వాదం. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో దీన్ని కొట్టేశాడు: ప్రతి కార్యానికీ ప్రతిబంధకాభావం ఒక కారణం, ఇక శక్తితో పనిలేదు. ఈ లెక్కన పిడి తిప్పిన చేతికీ ప్రవాహంలో వాటా ఉంది. లేకపోవడం కారణమెలా అవుతుందని అడిగితే జవాబు సిద్ధమే: వైశేషికుల ఏడు పదార్థాల్లో అభావం ఒకటి.

అసలు పందెం మోక్షం మీద. పుట్టించినది నశించక తప్పదు గనుక, సాధన మోక్షాన్ని పుట్టించదంటారు అద్వైతులు. జ్ఞానం అవిద్యను తీస్తుంది, అంతే. గురువు మోటారు కాడు, వాల్వు. అయితే ఆ తీసివేత బ్రహ్మం కంటే వేరైతే రెండోది మిగిలినట్టే. బ్రహ్మమే అయితే ఎప్పుడూ ఉన్నదే, సాధన దేనికి? వాల్వు పోలిక ఇక్కడ చాలదు, నీరు వచ్చాక కూడా వాల్వు పైపులోనే ఉంటుంది. శంకరుల పేర ఉన్న ఆత్మబోధ అందుకే చిల్లగింజను ఎంచుకుంది: దాని పొడి బురదనీటిలో కలిపితే బురదను దించి, తానూ అడుగుకు దిగిపోతుంది.