మన తరువాత వచ్చువారి నేల



ఒక మనుష్యుడు తెలియక చేసిన పనివలన అతని మనుమలకు కీడు కలిగినయెడల, ఆ కీడునకు అతడు బాధ్యుడగునా? అట్లే తెలియక చేసిన మేలునకు అతనికి కృతజ్ఞత చెల్లవలెనా? ఇది పండితులు కూర్చుండి వాదించుకొను ప్రశ్న మాత్రమేయని తలంచకుడి. మన కాళ్లక్రింది మన్నే దీనిని మనలను అడుగుచున్నది.

నేల సృష్టింపబడిన నాడు ఎట్లుండెనో నేడును అట్లే యున్నదని మనలో అనేకులు అనుకొందురు. అది పూర్తిగా నిజము కాదు. మనుష్యులు ఊరు కట్టి, మందలు మేపి, కాలువ త్రవ్వి, దున్ని విత్తిన ప్రతిచోటను నేల మారినది. కొన్నిచోట్ల బలిసినది. కొన్నిచోట్ల చచ్చినది. మొదట చచ్చిన నేలను గూర్చి చెప్పెదను.

పరిశుద్ధ గ్రంథములో షీనారు దేశమని చదువుచున్నాము. అది హిద్దెకెలు, యూఫ్రటీసు నదుల మధ్యనున్న మైదానము. నేటి ఇరాకు దేశపు దక్షిణ భాగము. అబ్రాహాము తండ్రియైన తెరహు బయలుదేరిన ఊరను పట్టణము అక్కడిదేయని అనేకులు ఎంచుచున్నారు. ఆ పట్టణపు దిబ్బను 1922 మొదలు 1934 వరకు లియోనార్డ్ వూలీ అను ఆంగ్లేయుడు త్రవ్వించెను. అయిదువేల ఏండ్ల క్రిందటనే అక్కడ గొప్ప పట్టణములు, దేవాలయములు, లెక్కలు వ్రాయు లేఖికులు ఉండిరి. ఇదంతయు దేనిమీద నిలిచెను? కాలువ నీటిమీదను, పొలము ధాన్యముమీదను నిలిచెను.

అయితే ఏటి నీటిలో కంటికి కనబడని ఉప్పు కొంచెముండును. ఆ దేశములో వాన బహు తక్కువ, ఎండ తీవ్రము. పొలమునకు పెట్టిన నీరు ఆవిరియై పోవును, ఉప్పు మాత్రము నిలిచిపోవును. నేల పల్లము, మురుగు పోవు దారి లేదు. కాలువల ఊటవలన భూమి లోపలి నీటిమట్టము ఏటేట పైకి వచ్చును. అది వేళ్ల దగ్గరకు వచ్చినప్పుడు, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మన్ను ఆ ఉప్పునీటిని పైకి పీల్చును. చివరకు పొలముమీద తెల్లని పొర తేలును. మన రైతులు పాలచౌడు అనునది ఇట్టిదే.

ఆ దేశపు మట్టి పలకల లెక్కలను పరిశీలించి జేకబ్సన్, ఆడమ్స్ అను ఇద్దరు పండితులు 1958లో ఒక వ్యాసము ప్రకటించిరి. క్రీ.పూ. 3500 ప్రాంతమున అక్కడ గోధుమలు, యవలు ఇంచుమించు సమానముగా పండుచుండెను. యవలు ఉప్పును ఓర్చుకొనును, గోధుమ అంతగా ఓర్చుకొనలేదు. వెయ్యి ఏండ్లు గడచునప్పటికి గోధుమ పంటలో ఆరవ వంతునకు దిగినది. క్రీ.పూ. 1700 నాటికి ఆ దక్షిణ భాగమున గోధుమ వేయుటయే మానివేసిరి. వారి లెక్క ప్రకారము గిర్సు పట్టణపు పొలములలో క్రీ.పూ. 2400 ప్రాంతమున హెక్టారుకు సుమారు 2500 లీటర్ల ధాన్యము పండెను, మూడువందల ఏండ్లకు అది 1460 లీటర్లాయెను, క్రీ.పూ. 1700 ప్రాంతమున లార్సాలో 900 లీటర్లకు తగ్గెను. తరువాతి పండితులలో కొందరు ఉప్పు ఒక్కటే కారణము కాదనిరి. నదులు దారి మార్చుకొనుట, యుద్ధములు కూడ ఆ దేశమును కష్టపెట్టినవి. అయినను ఉప్పు నేలను కొరికిన మాట నిజమే.

ఇందులో మనము ముఖ్యముగా గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆ దేశపు రైతులకు ఒక సంవత్సరము విత్తి ఒక సంవత్సరము బీడుంచు వాడుక ఉండెను. బీడులో లోతుగా వేరుపారు ముండ్లమొక్కలు మొలిచి, లోపలి తేమను పీల్చివేసి, నీటిమట్టమును క్రిందికి దింపును. తరువాత పెట్టిన నీరు పైనున్న ఉప్పును క్రిందికి కడిగివేయును. ఎవనికిని అక్కరలేని ముండ్లచెట్టు నేలకు వైద్యుడుగా ఉండెను! కాని నేలకు విశ్రాంతి నియ్యక ఏటేట విత్తి, నీరు విస్తారముగా పెట్టినచోట ఆ వైద్యము నిలిచిపోయినది. రాజు అడిగెడి ధాన్యము, దేవాలయము అడిగెడి ధాన్యము, నీటికొరకు పొరుగు పట్టణముతో పోరు, ఇవన్నియు రైతు వీపుమీదనే పడియుండును.

ఇప్పుడు బలిసిన నేలను గూర్చి వినుడి. ఇందుకు దూరదేశము పోనక్కరలేదు. మన ప్రాంతములలో పూర్వపు ఊరు పాడైపోయిన దిబ్బను పాటిదిబ్బ అందురు. దాని మన్ను పాటిమన్ను. మన తాతలు దానిని బండ్లకెత్తి పొలములకు తోలిరి. అది ఎందుకు ఎరువాయెను? అక్కడ కాపురమున్నవారి పొయ్యి బూడిద, పశువుల పేడ, ఎముకలు, ఇంటి చెత్త తరతరములుగా అందులో కలిసినవి. వాటిలోని భాస్వరము వేల ఏండ్లయినను సులభముగా కొట్టుకొనిపోదు. పురాతన నివాసములను కనుగొను పండితులు మంటిలోని భాస్వరమును పరీక్షించుట కూడ కలదు.

ఇంతకంటె పాత సాక్ష్యమును కలదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అను పండితుడు త్రవ్వించెను. నాలుగువేల ఏండ్లకు పూర్వము పశువులను దొడ్డిలో కట్టినవారు పేరిన పేడను అప్పుడప్పుడు కాల్చగా ఆ దిబ్బ ఏర్పడెనని ఆయన చూపించెను. దానిలో పశువుల గిట్టల గుర్తులు సహా దొరికినవి. ఆ కాపరుల పేర్లు మనకు తెలియవు, వారి భాష తెలియదు. వారి పశువులు తొక్కిన మన్ను మాత్రము ఇంకను సాక్ష్యమిచ్చుచున్నది.

చూడుడి: పాటిదిబ్బవారు మనకు మేలు చేయవలెనని బూడిద పారబోయలేదు. షీనారువారు మనుమలకు కీడు చేయవలెనని నీరు పెట్టలేదు. ఇరువురును ఆ పూట అన్నము కొరకే పాటుపడిరి. అయినను ఒకరి పని ఎరువాయెను, మరియొకరి పని చౌడాయెను. నూట ఏడవ కీర్తన, నివాసుల దుష్టత్వమువలన సారముగల నేల ఉప్పునేలగా మారుటను గూర్చి చెప్పుచున్నది. దానినిబట్టి షీనారు రైతులందరు దుష్టులని తీర్పు తీర్చుదమా? నేనట్లు అనజాలను. ఉప్పు సంగతి ఒక తరములో కంటికి కనబడునది కాదు.

లేవీయకాండము నాలుగవ అధ్యాయము తెలియక చేసిన పాపమును గూర్చి మాటలాడుచున్నది. తెలియక చేసితిని గనుక ఏమియు లేదని చెప్పి పంపివేయలేదు. తెలిసిన తరువాత అర్పణము తేవలెనని నియమించెను. లూకా పండ్రెండవ అధ్యాయములో ప్రభువు, యజమానుని చిత్తము ఎరిగిన దాసునికిని ఎరుగనివానికిని శిక్షలో భేదముంచెను. దీనిని బట్టి నా తలంపు ఇది: కీడు తెలియక చేసినను దాని ఫలము నిలిచియే యుండును, దానిని బాగుచేయు బాధ్యత, తెలిసికొన్న తరమువారిమీద పడును. షీనారువారికి తెలియదు. మనకు తెలియును. పెద్ద కాలువల క్రింద అతిగా నీరు పెట్టి, మురుగు కాలువలు పూడిపోనిచ్చినచోట నేలలు జవుకై చౌడుబారుట మన దేశములో చూచుచునే యున్నాము. కాబట్టి మనకు సాకు లేదు.

అయితే ఒక న్యాయమైన అభ్యంతరము కలదు. ఒక్క ఎకరమున్న పేదవాడు బీడుంచి ఏమి తినును? ఒక్క యేటికి కౌలుకు తీసికొన్నవాడు, రాబోవు యేడు తనది కాని నేలకు పెంట ఎందుకు తోలును? ఈ ప్రశ్నకు కోపపడరాదు. నేలను రక్షించు భారమంతయు బీదవాని తలమీద పెట్టుట ధర్మము కాదు. భూమిగల పెద్దలు ఏడాదికొక కౌలుదారుని మార్చక, నాలుగేండ్లు నిలుకడగా ఇచ్చి, ఎరువు ఖర్చులో పాలు పంచుకొనవలెను. మురుగు కాలువ పూడిక తీయుట ఒక్కని పని కాదు, ఊరందరి పని. నిర్గమకాండము 23లో ఏడవ యేట నేలను విడిచిపెట్టుమన్న ఆజ్ఞ ఇశ్రాయేలు జనమంతటికిని ఇయ్యబడినది. ఆ యేట మొలిచినది బీదలు తినవలెనని కూడ దానిలోనే యున్నది. నేలకు విశ్రాంతి, బీదవానికి అన్నము, రెండును ఒక్క ఆజ్ఞలోనే ఉంచబడినవి.

ఈ దినములలో ఏడేండ్లకొకసారి బీడుంచలేనివాడు సహితము కొన్ని పనులు చేయగలడు. పైరుకు చాలినంత నీరే పెట్టవచ్చును. వరి కోసిన తరువాత గడ్డిని కాల్చక పశువులకో పెంటకుప్పకో చేర్చవచ్చును. చౌడును ఓర్చు జీలుగను వేసి పూతకు ముందు కలియదున్నవచ్చును. మన్ను పరీక్ష చేయించి, కారుచౌడైతే జిప్సము చల్లవచ్చును. ఇవి చిన్న పనులే. పాటిదిబ్బవారు దినదినము పారబోసిన బూడిదయు చిన్నదే గదా!

నాబోతు తన పితరుల స్వాస్థ్యమును రాజునకు అమ్మనన్నప్పుడు, దానికి వెల లేక కాదు. అది పుచ్చుకొని అందించవలసినదే గాని తన ఇష్టప్రకారము తీర్చివేయునది కాదని అతడు ఎరిగియుండెను. లేవీయకాండము 25 ప్రకారము భూమి దేవునిది, మనము ఆయన యొద్ద కాపురమున్న పరదేశులము. అనగా పట్టాదారుడును కౌలుదారుడును ఆయన యెదుట కౌలుదారులే. ఇతరులు ప్రయాసపడిన ఫలములో మీరు ప్రవేశించితిరని ప్రభువు శిష్యులకు తెలిపిన సంగతి మన పొలము గట్టుమీద నిలువబడినప్పుడు జ్ఞాపకము చేసికొందము. పేరు తెలియనివారి ప్రయాసమును మనము తినుచున్నాము. మన పేరు తెలియనివారు రేపు ఆ నేలను దున్నుదురు. వారి నాగటి చాలులో నల్లని మన్ను లేచునో తెల్లని ఉప్పు లేచునో, అది నేడు మన చేతులలో నున్నది.